నూట పన్నెండు మెట్లు

మిషను కింద పడుకోబెట్టి
నా తుంటినీ నడుమునీ చదివారు.
మైనస్ రెండు పాయింట్ ఏడు.
మూడో తరగతి దాకా బడికి వెళ్ళినదాన్ని,
సున్నాకి కిందన కూడా అంకెలుంటాయని
అరవై నాలుగో ఏట తెలిసింది.

"ఎముక గుల్లబారింది నాంచారమ్మగారూ,
బరువు మొయ్యట్లేదు మీరు" అంది డాక్టరమ్మ.
నవ్వొచ్చింది.
నవ్వితే నడుం లాగుతుంది, అయినా నవ్వాను.

చిట్టినగర్ సొరంగం పక్క కొండ మీద
ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం.
కింద పంపు, పైన పొయ్యి,
మధ్యన నూట పన్నెండు మెట్లు.
నెత్తినొక బిందె, చంకనొక బిందె,
కడుపుతో ఉన్నప్పుడు దానితో కలిపి మూడు.
మెట్టుమెట్టుకీ ఒకటే మొక్కు:
ఈ బరువు దించు తల్లీ.

దించింది.
వానలకి పై బండ కదిలిందని నోటీసిచ్చారు,
కిందకొచ్చి అద్దెకి దిగాం.
వంటింట్లోనే కుళాయి. తిప్పితే నీళ్ళు.
ఆరేళ్ళు హాయిగా కూచున్నాను.
లోపల ఎముక మాత్రం
పని దొరకని కూలీలా
ఇంటి ఇటుకలు ఒక్కొక్కటే అమ్ముకుంది.

ఇప్పుడు మందుచీటీలో, బిళ్ళల పేర్ల కింద,
మెట్లు ఎక్కమని రాసుంది.
వంగి ఎత్తొద్దు. కమ్మీ వదలొద్దు.
దించమని మొక్కిన బరువే
రోజుకొకసారి, టిఫిన్ తర్వాత.

కుక్కరు మూడు కూతలేసేదాకా
గట్టు పట్టుకుని కుడికాలి మీద నిలబడతాను,
ఎడంకాలికి ఇంకో మూడు.
పప్పు గంజయిపోతోందని ఆయన గొణుగుడు.
అర లీటరు సీసాల్లో ఇసుక పోసి చేతులకి,
ఆపైన మడమలెత్తి దించడం.
పక్క వాటా మస్తాన్‌బీ గోడ తట్టి
"ఏం దంచుతున్నావక్కా?" అంది.
"నన్నే."
పాపం, బాత్రూంలో జారి మణికట్టు విరిగింది దానికి.
కట్టు విప్పాక తనూ వస్తానంది.

తిండి సంగతి వేరే కథ.
మీగడ ఆయనకి, గడ్డపెరుగు పిల్లలకి,
గిన్నె తొలిపిన మజ్జిగ నాకు.
ఎవరూ చెప్పలేదు, నేనే పంచాను ఇన్నాళ్ళూ.
ఇప్పుడు ముందు నా గిన్నె తీసి దాస్తున్నాను,
నా ఇంట్లో నేనే దొంగలా.
పొద్దున రాగిజావ, మధ్యాన్నం మునగాకు పప్పు,
మెత్తళ్ళు ముల్లుతో సహా నమలడం,
రోజూ ఓ గుడ్డు.
శనివారం లేదు, వెంకన్నతో గొడవెందుకు.

మొన్న నువ్వులు దంచుతుంటే గుర్తొచ్చింది.
పెద్దమనిషినయ్యానని
కొత్త చాప మీద కూచోబెట్టి
చిమ్మిలి పెట్టారు, ఇంటింటి నుంచీ తెచ్చి.
"తినవే, నడుం గట్టిపడుద్ది" అంది అమ్మమ్మ.
అదంతా ఆగిపోయిన ఏడు
ఎవరూ చాప పరవలేదు,
ఒక్క ఉండైనా ఎవరూ తేలేదు.
నడుం అడిగింది అప్పుడు కదా.

నాలుగుండలు చుట్టి
రెండు మస్తాన్‌బీకిచ్చాను.
రెండు నేనే తిన్నాను, కుర్చీలో కూచునే.
చాప మీంచి లేవడం ఇప్పుడు నావల్ల కాదు.

ఎనిమిదింటి ఎండలో
చేతులకి వెలుగు తగలనిచ్చి ఎక్కుతాను.
ఖాళీ చేతులతో ఈ మెట్లు ఎక్కడం కొత్త.
ఏం చెయ్యాలో తెలీక అవి
కమ్మీని బిందె మెడలా పట్టుకుంటాయి.
డెబ్భయ్యో మెట్టు దగ్గర, రెండు డాబాల సందులోంచి,
కృష్ణ ఓ ముక్క కనిపిస్తుంది.
అక్కడ ఆగుతాను.
అన్నేళ్ళలో ఒక్కసారీ చూళ్ళేదు దాన్ని.
నెత్తిన బిందెతో తల తిప్పితే ఒలికిపోదూ!

రెండేళ్ళకి మళ్ళీ కొలుస్తారట.
ఇంకా జారకుండా ఉంటే చాలంది డాక్టరమ్మ,
అంతకుమించి మాటివ్వలేదు.

ఇవాళ పైకొచ్చాక నూట పదకొండే తేలాయి.
కొత్త సిమెంటులో ఒకటి కలిపేశారో,
కృష్ణని చూస్తూ నేనే ఒకటి మింగానో.
కింద, కట్టు విప్పిన చేత్తో కమ్మీ పట్టుకుని
మస్తాన్‌బీ రొప్పుతోంది:
"అక్కా, ఇంకా ఎన్నున్నాయి?"

"తెలీదే. రా."